బల్గేరియా ఓటుపెట్టెలు, ఒక నల్లపిన్ను

"నవ్వుండ్రి, మస్తు నవ్వుండ్రి. కానీ కూసోని నవ్వుండ్రి. కథ అయ్యేదాక ఒక్కరు సుత ఈడికెల్లి లేవొద్దు."

ఆ మాట అని తాళాల మోసెస్ తన ఇనుప సామాన్ల పెట్టె మీద ఇంకాస్త గట్టిగా సర్దుకుని కూర్చున్నాడు. తువ్వాలుతో బట్టతల తుడుచుకున్నాడు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక హాస్టళ్ల గల్లీలో, రుద్రమ్మ చాయ్ బండి దగ్గర, అప్పుడు టైము మూడు నలభై.

ఆ గల్లీలో ముప్పై రెండు బండ్లున్నాయి. పోయిన నెలలోనే గల్లీ సంఘం వెళ్లి నగరంలోని ఫుట్‌పాత్ వ్యాపారుల మహాసంఘంలో చేరింది. చేరాక వచ్చిన మొదటి ఎన్నిక ఇది. ఒక్కో గల్లీ తరఫున ఒక్కరు దాని కమిటీలో కూర్చుంటారు. పేరు ఇవ్వడానికి గడువు ఈ రోజు సాయంత్రం ఐదు గంటలు, పంజాగుట్ట ఆఫీసులో. ఏ గల్లీ పేరు ఇవ్వకపోతే ఆ గల్లీ తరఫున కూడా పక్క గల్లీ మనిషే కూర్చుంటాడు. పక్క గల్లీ మనిషంటే రామకృష్ణ. ఈ బండ్లన్నింటినీ ఎత్తి ఎర్రమంజిల్‌లో ఒక గోడ వెనక్కి పంపాలని అతను బహిరంగంగానే అంటున్నాడు. ఆ గోడ వెనక సాయంత్రం నాలుగు దాటితే మనిషి కనపడడు. చాయ్ ఎవరు తాగాలి, బజ్జీ ఎవరు తినాలి?

రుద్రమ్మే నిలబడాలని గల్లీ అంతా ఒక్క మాట మీద ఉంది. రుద్రమ్మ ఒక్కతే పొద్దున్నుంచి తల అడ్డంగా ఊపుతోంది.

"ముందుగాల ఫారం చూపియ్ అన్నా. దాంట్ల ఏం రాసుందో చదివి చెప్త" అంది ఆమె, చాయ్ గిన్నెలో అల్లం దంచి వేస్తూ.

పొద్దున పంజాగుట్ట పోయి ఆ ఫారం తెచ్చినవాడు మోసెసే.

"చూపిస్త చెల్లె, యాడికి పోతది? గాలికి ఎగిరిపోతదని నా పెట్టెల పెట్టిన. ఫారం ఎంతుంటది, జానెడు. దాని ఎనక ఉన్న ముచ్చట మస్తు పెద్దది. అది ఇనకుండ సంతకం పెడితే నీకే మంచిగుండది. గిసొంటి ఎలక్షన్ ఒకటి నేను ఒంటిచేత్తో దగ్గరుండి చేయించిన. మన గల్లీల కాదు, బల్గేరియాల."

"అది ఏ ఊరు పక్కనుంటది?" అన్నాడు మిర్చి బజ్జీల మొగిలయ్య. అతని బండి రుద్రమ్మ బండికి ఆనుకునే ఉంటుంది.

"దేశం మొగిలీ, దేశం! యూరప్ల ఉంటది. నువ్వు బజ్జీ తిప్పు, నేను చెప్త. రెండువేల ఏడు, మే నెల. బేగంపేటల ఇంక విమానాలు దిగుతున్న రోజులు. ఆడ ఒక పెద్ద హోటల్ల బల్గేరియా ఆయన దిగిండు. పేరు నోరు తిరగది, మనం స్టోయన్ సాబ్ అనుకుందాం. ఆయన సూట్‌కేసుకు తాళం పడ్డది, తాళంచెవి యాడనో పడిపోయింది. పాస్‌పోర్ట్ లోపట, టికెట్ లోపట. మూడు గంటలల్ల విమానం. సుత్తెతోని పగలకొడదామంటే అది వాళ్ల నాయన సూట్‌కేసంట, చెయ్యి పెట్టనియ్యడు. హోటలోళ్లంత పరేషాన్. అప్పుడు ఎవరో అన్నరు, అమీర్‌పేటల మోసెస్ అని ఒకాయన ఉన్నడు, ఆయనను పిలువుండ్రి, ఆయన చెయ్యి పడితే తాళం సిగ్గుపడి తెరుచుకుంటది అని."

"ఎవరో అంటే నువ్వేనా?" అంది రుద్రమ్మ.

"మధ్యల మాట్లాడకు చెల్లె, ఫ్లో పోతది. పోయిన. చూసిన. తాళం రంధ్రం గింతే గింత. నా సామాన్లు ఒక్కటి సుత దాంట్ల దూరలే. వేరేటోడైతే చేతులెత్తేసి ఇంటికి పోతుండె. నేను పట్టిన తాళం ఇడిచిపెట్టే మనిషిని కాదు. జేబులకెల్లి నల్లపిన్ను తీసిన. ఆడోళ్లు తలల పెట్టుకుంటరు సూడు, గదే. గిట్ల పెట్టిన, గట్ల తిప్పిన, టక్! రెండు నిమిషాలు."

రుద్రమ్మ చేతిలో చాయ్ జాలీ ఆగింది. "రెండు నిమిషాలా?"

"రెండంటే రెండు."

రుద్రమ్మ చాయ్ వడపోసి నాలుగు గ్లాసుల్లో పోసింది.

"గింతవరకైతే నమ్మొచ్చు" అన్నాడు మొగిలయ్య.

"ఇగ ఇను. స్టోయన్ సాబ్ నన్ను గట్టిగ కౌగిలించుకొని, మోసెస్ భాయ్, నువ్వు తెరిచింది సూట్‌కేసు కాదు, నా దేశం నోరు, అన్నడు. ఎట్లనయ్యా అంటే చెప్పిండు. యూరప్ దేశాలన్ని కలిసి ఒక పెద్ద సంఘం పెట్టుకున్నయంట. ఆ సంఘానికి ఒక పార్లమెంటున్నదంట. వీళ్ల దేశం ఆ జనవరి ఒకటినాడే దాంట్ల చేరింది. చేరినంక మొదటి ఎలక్షన్ మే ఇరై తారీకు. పద్దెనిమిది మందిని ఏరి పంపాలె. అందుకే ఆయన ఆగమాగం ఇంటికి ఉరుకుతున్నడు."

పక్క కోచింగ్ సెంటర్లో జావా చెప్పే అనుపమ, క్లాసుకీ క్లాసుకీ మధ్య చాయ్‌కి వచ్చి బల్ల చివర కూర్చుంది. ఆమె ఫోన్ తీసి ఏదో కొట్టి చూసింది. కనుబొమ్మలు పైకి లేచాయి.

"అంకుల్, ఇది నిజమే. మే ఇరవై. పద్దెనిమిది సీట్లే ఉన్నాయి."

అందరూ మోసెస్ వైపు చూశారు. మోసెస్ కూడా ఒక్క క్షణం ఆశ్చర్యపోయినట్టే కనిపించాడు. వెంటనే తేరుకున్నాడు.

"మరి? మోసెస్ అబద్ధం చెప్తడా? ప్రతి ఆదివారం చర్చిల ముందు వరుసల నిలబడి పాడే మనిషిని!"

"చర్చిల పాటలే గదా పాడేది, గివి చెప్పవు గదా" అన్నాడు మొగిలయ్య.

"చెప్పనిస్తలేరు, లేకుంటే ఆడ సుత చెప్త. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? స్టోయన్ సాబ్ నన్ను ఇడిచిపెట్టలే. మా దేశంల ఓటుపెట్టెలన్నిటికి కొత్త తాళాలు తెప్పిచ్చిన్రు, అవి ఎవ్వలకు సమజైతలెవ్వు, నువ్వు రావాలె అన్నడు. నేను వద్దన్న. దుకాణం ఎవరు చూస్తరు అన్న. కాళ్ల మీద పడ్డడు. ఇగ ఏం చేస్త, పోయిన. విమానంల ఇట్ల కూసున్ననో లేదో, పైలట్ వచ్చిండు నా కాడికి. ఏందయ్యా అంటే, నేను బాత్‌రూంకు వచ్చిన, నా ఎనక డ్రైవర్ రూం తలుపు పడిపోయింది, లోపట ఎవ్వరు లేరు అన్నడు. విమానం ఒక్కటే పోతున్నది, కింద సముద్రం! ఎయిర్‌హోస్టెస్‌లు ఏడుస్తున్నరు. నేను లేచిన, నల్లపిన్ను తీసిన, గిట్ల, గట్ల, టక్. పైలట్ నన్ను ఆయన పక్క సీట్ల కూసోబెట్టుకొని సోఫియా దాక తీసుకపోయిండు. మధ్యల జరసేపు నేనే తోలిన."

"ఏ గేర్ల తోలినవ్?" అన్నాడు మొగిలయ్య.

"టాప్ల."

అప్పుడే మోసెస్ జేబులో ఫోన్ మోగింది. అతను కొంచెం పక్కకు తిరిగాడు గానీ పెట్టె మీద నుంచి లేవలేదు. గొంతు తగ్గించాడు. "ఆఁ అమృతా, యాడ్దాక వచ్చినవ్? ఇంట్ల దొరికిందా? దేవునికి స్తోత్రం... బస్సా! ఎర్రమంజిల్ల మెట్రో ఎక్కితే రెండు స్టేషన్లే గదనే! ... మోకాలు నొస్తే లిఫ్ట్ ఉంటది గదా... సరే సరే, రా, జల్ది రా."

"వదినేనా? ఏమైంది?" అంది రుద్రమ్మ.

"ఏం లేదు. ఊరికెనే వస్తున్నది, చాయ్ తాగనీకి. ఆఁ, యాడున్న? సోఫియా. సోఫియాల దిగిన. ఎండకాలంల సుత సల్లగ, ఏసీ పెట్టినట్టే. దారి పొడుగూత గులాబి పూలు. పెరుగైతే గడ్డ పెరుగు, కత్తితోని కోసి పెడతరు. కానీ ఎవ్వని ముఖంల నవ్వు లేదు. ఎందుకంటే పెట్టెలల్ల ఓట్లు పడాలె, పెట్టెలేమో తెరుచుకుంటలెవ్వు. తాళంచెవుల గుత్తి పట్టుకున్న పెద్ద ఆఫీసర్, బ్రిడ్జి మీద నిలబడి జనాలకు చెయ్యి ఊపుకుంట గుత్తి సుత నదిలకు ఊపిండు. పన్నెండు వేల పెట్టెలు! పొద్దుగాల ఏడింటికి ఓటింగ్. నేను ఐదింటికి మొదలుపెట్టిన. ఆ దేశం ఈ చివరికెల్లి ఆ చివరి దాక, ఒక్క స్కూల్ ఇడిచిపెట్టలే. కార్ల పోతే లేటైతదని రైలు తెచ్చిన్రు. రైలు లేటైతదని హెలికాప్టర్ తెచ్చిన్రు. అదీ లేటే. నేనే ఉరికిన. గిట్ల, గట్ల, టక్. గిట్ల, గట్ల, టక్. ఆరు యాభై ఐదుకు ఆఖరు పెట్టె తెరిచి, మిగిలిన అయిదు నిమిషాలల్ల చాయ్ అడిగిన."

"ఇచ్చిన్రా?"

"ఇచ్చిన్రు గానీ నీ చాయ్ కాళ్లకు సుత పనికిరాదు చెల్లె. పాలు లేకుండ పోసిచ్చిన్రు."

రుద్రమ్మ మూతి తిప్పుకుంది గానీ లోపల్లోపల కొంచెం సంతోషపడింది. మోసెస్ అది కనిపెట్టాడు.

"ఏడైంది. పెట్టెలు తెరిచి ఉన్నయి. ఆఫీసర్లు కూసున్నరు. ఒక్కడంటే ఒక్కడు ఓటుకు రాలే!"

"అంకుల్, అది కూడా నిజమే" అంది అనుపమ, ఫోన్ వైపే చూస్తూ. "వందమందిలో ముప్పై మంది కూడా రాలేదట."

"అది ఎనకటి లెక్క. నేను ఇంటింటికి తిరగకముందుది. మల్ల అడిగిన ఆ ఆఫీసర్ను, ఎందుకు వస్తలేరయ్యా మీ జనం? ఆయన చెప్పిండు. ఏం చేయాలె మోసెస్ భాయ్, మాది చిన్న దేశం. ఆడ ఇరవై ఏడు దేశాలోళ్లు ఉంటరు. పెద్దపెద్దోళ్లు. మనం పోయి ఏం మాట్లాడతం, మన మాట ఎవరింటరు అని ఇంట్లనే కూసున్నరు అన్నడు."

ఆ మాట దగ్గర మోసెస్ ఆగాడు. రుద్రమ్మ గ్లాసు కడుగుతూ తల ఎత్తలేదు. పొద్దున ఆమె అన్న మాట కూడా అదే.

"నాకు మస్తు కోపమొచ్చింది. చేరేటప్పుడు చేరిన్రు, ఇప్పుడు ఇంట్ల కూసుంటరా? మీ కుర్చీ ఖాళీగ ఉంటే దాంట్ల పక్కోడు కాలు చాపుకోడా? అని ఒక్కొక్క తలుపు కొట్టిన. ఓటుకు రాండ్రి అన్న. అందరు మంచిగ తల కిందికి మీదికి ఊపిన్రు. నేను ఖుష్. వచ్చి బూత్ల కూసున్న. ఒక్కడు రాలే. మల్ల పోయిన, మల్ల అడిగిన, మల్ల తల కిందికి మీదికి. మల్ల ఎవ్వడు రాలే. ఇదేందిరా బై, మాట మీద నిలబడని దేశమా ఇది అని తిట్టిన. అప్పుడు స్టోయన్ సాబ్ చెప్పిండు. మోసెస్ భాయ్, మా దేశంల తల కిందికి మీదికి ఊపితే కాదు అని. అడ్డంగ ఊపితేనే అవును అని!"

"హా, కోసినవ్ ఇగ" అన్నాడు మొగిలయ్య.

"లేదు అంకుల్..." అనుపమ ఫోన్ అతని ముందుకు తిప్పింది. "నిజంగానే. అక్కడ అంతేనట."

మొగిలయ్య బజ్జీల గరిట పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. గల్లీలో ఒక మనిషి చెప్పే అబద్ధాల్లో ఇంత నిజం ఉండటం అతనికి నచ్చలేదు.

"ఇప్పుడు చెప్పు చెల్లె" అన్నాడు మోసెస్. "పొద్దుగాల్లకెల్లి నువ్వు తల అడ్డంగ ఊపుతున్నవ్. బల్గేరియా లెక్కల నువ్వు పొద్దుగాల్లనే ఒప్పుకున్నవ్."

"ఛీ, ఇగ నేను తలనే ఊప" అంది రుద్రమ్మ. కానీ నవ్వింది. "ఫారం తియ్ ముందుగాల."

"తీస్త, తీస్త. జనాలు వచ్చే ముచ్చట ఇను. ఎప్పుడైతే మర్మం దొరికిందో, ఇగ చూస్కో. అడ్డంగ ఊపేదాక ఒక్క ఇల్లు ఇడిచిపెట్టలే. లోపట గడియ పెట్టుకున్నోళ్ల తలుపులు పిన్నుతోని తెరిచిన. గుట్ట మీద ఒక ముసలామె, నూటనాలుగేండ్లు. నేను నడవలేను బిడ్డా అన్నది. భుజం మీద కూసోబెట్టుకున్న. ఆమె మేకలు ఎనక వచ్చినయ్. మేకల ఎనక ఊరు వచ్చింది. ఊరి ఎనక జిల్లా వచ్చింది. లైన్ ఎట్లుండె అనుకున్నరు? మన లెక్కల చెప్పాలంటే మియాపూర్ల మొదలై విజయవాడ దాటి సముద్రంల దిగింది. ఆఖర్ల ఉన్నోళ్లు నీళ్లల్ల నిలబడి ఓటేసిన్రు. వందకు వంద కాదు, వందకు నూట పది మంది ఏసిన్రు!"

"ఆ పది మంది యాడికెల్లి వచ్చిన్రు?" అంది రుద్రమ్మ.

"పక్క దేశపోళ్లు. లైన్ చూసి ఉండబట్టలేక."

"మరి పక్క దేశపోళ్ల ఓట్లు లెక్కేస్తే ఎలక్షన్ కొట్టేస్తరు గదా. రూలుండదా? మన ఎలక్షన్ల గట్ల జరిగితే రామకృష్ణ ఊకుంటడా?"

మోసెస్ ఆమెను కళ్లు చిన్నవి చేసి చూశాడు. "గా ప్రశ్న ఆ దేశంల ఒక్కరు సుత అడగలే చెల్లె. నువ్వు ఆడ ఉండాల్సింది."

ఫోన్ మళ్లీ మోగింది. "ఆఁ... పంజాగుట్ట చౌరస్తాలనే ఉన్నవా ఇంక? దిగి నడువరాదు? ... సరే, మోకాలు, సరే." ఫోన్ పెట్టేసి మెడ చుట్టూ తువ్వాలు తిప్పుకున్నాడు. మెట్రో స్టేషన్ గడియారం వైపు చూశాడు. నాలుగు ఇరవై. మొగిలయ్య లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"యాడికి? అసలు కథ ఇప్పుడే! ఓట్లు లెక్కపెట్టిన్రు. ఏ కాయితం ఇప్పినా ఒకటే పేరు. అచ్చేసిన పేర్లన్ని కొట్టేసి కింద చేత్తోని రాసిన్రు, తాళాల మోసెస్ అని! తెలుగుల! పద్దెనిమిది సీట్లు, పద్దెనిమిదిట్ల నేనే గెలిచిన. నేను మొత్తుకున్న, నేను మీ దేశపోణ్ణి కాదు అని. వాళ్లు తల కిందికి మీదికి ఊపిన్రు, అంటే కాదు, నువ్వు మావోనివే అని. ఇగ ఏం చేస్త, పార్లమెంటుకు పోయిన. రోజుకొక సీట్ల కూసున్న, పద్దెనిమిది రోజులు. ఆ హాలు చూడాలె, మన ఫ్లైఓవర్ మొత్తం దాంట్ల మడతపెట్టి పెట్టొచ్చు. ఇరవై ఏడు దేశాలోళ్లు. నన్ను చూసి ఒకడు ఇంకోనితోని గుసగుస, వీడెవడు, చిన్న దేశంకెల్లి వచ్చిండు, ఫుట్‌పాత్ మీద కూసునేటోడంట అని. నేను ఇన్న."

"ఏ భాషల ఇన్నవ్?" అన్నాడు మొగిలయ్య.

"ఆడ చెవులకు మిషన్ పెడతరు. ఎవని భాషల వాడు మాట్లాడొచ్చు. అద్దాల రూంల కూసోని మార్చి చెప్తరు. అనుపమా, అది సుత చూసి చెప్పు."

"నిజమే" అంది అనుపమ. ఈసారి ఫోన్ చూడకుండానే అంది.

రుద్రమ్మ గ్యాస్ తగ్గించింది. బండి చెక్క మీద రెండు చేతులు పెట్టి ముందుకు వంగింది.

"అన్నా, ఆడ... ఐదో తరగతి చదివినోళ్లను సుత మాట్లాడనిస్తరా?"

గల్లీలో ఆటోలు, హాస్టల్ పిల్లలు, బజ్జీల నూనె చప్పుడు అన్నీ ఉన్నాయి. అయినా ఆ ప్రశ్న అందరికీ వినబడింది. మోసెస్ గొంతులో కోతలు లేవు ఈసారి.

"ఆడ చదువు అడగరు చెల్లె. ఎవరి తరఫున వచ్చినవ్ అని అడుగుతరు. అదొక్కటే అడుగుతరు."

ఆ వెంటనే గబగబా మళ్లీ ఎత్తుకున్నాడు. "నేను లేచిన. మైకు ముంగటికి పోయిన. తెలుగుల మొదలుపెట్టిన. అద్దాల రూంల మార్చేటోడు స్పృహ తప్పి పడిపోయిండు. ఫికర్ లేదు, నా ముఖం చూస్తనే అందరికి సమజైంది. అంతల ఢామ్మని హాలు తలుపులు పడ్డయి! తాళం జామ్. ఇరవై ఏడు దేశాల పెద్దమనుషులు లోపట, అన్నం బయట. ఒకాయన కుర్చీలెక్కిండు, ఒకామె ప్రార్థన చేస్తున్నది. నన్ను నవ్వినోడే నా కాళ్ల మీద పడ్డడు. నేను మెల్లగ లేచిన. జేబుల చెయ్యి పెట్టిన. నల్లపిన్ను తీసిన. గిట్ల పెట్టిన, గట్ల తిప్పిన..."

"టక్" అన్నారు మొగిలయ్య, అనుపమ కలిసి.

"టక్! యూరప్ మొత్తం ఊపిరి పీల్చుకుంది. ఇగ నువ్వే మా అందరికి అధ్యక్షునివి అన్నరు. ఇరవై ఏడు దేశాల తాళంచెవులు గుత్తి చేసి నా మెడల ఏసిన్రు. నేను తీసి టేబుల్ మీద పెట్టిన. వద్దయ్యా, అమీర్‌పేటల హాస్టల్ పిల్లలు తాళంచెవులు పారేసుకొని బయట నిలబడి ఉంటరు, నేను పోవాలె అన్న. అందరు ఏడుస్తున్నరు. ఆ తర్వాత ఏమైందో..."

"అన్నా" అంది రుద్రమ్మ. "ఒక్క ముచ్చట అడుగుత."

"పది అడుగు."

"ఆ నల్లపిన్ను నీ జేబులకు ఎట్ల వచ్చింది?"

మోసెస్ చెయ్యి బట్టతల మీదికి పోయింది.

"నేను చూసినకాడికెల్లి నీ నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. రెండువేల ఏడుల సుత లేదు. ఆడోళ్ల పిన్ను నువ్వు జేబుల ఏసుకొని ఎందుకు తిరుగుతవ్?"

మొగిలయ్య పగలబడి నవ్వాడు. బల్ల మీద కూర్చున్న వాళ్లంతా నవ్వారు. అనుపమ చాయ్ పొలమారింది.

"అది... అమృతది..."

"వదిన కొప్పుకు రిబ్బన్ తప్ప పిన్ను పెట్టదు, నాకెర్కే." రుద్రమ్మ చీర కొంగు నడుముకు చెక్కుకుంది. ఇక ఆమెను ఆపేవాడు లేడు. "విమానం తోలుకో, నాకేం బాధ లేదు. పద్దెనిమిది సీట్లల పండుకో, నాకేం బాధ లేదు. ఆ సూట్‌కేసు ముచ్చట మాత్రం నా ముంగట చెప్పకు. అప్పుడు నాకీ బండి సుత లేదు. ఫ్లాస్క్ పట్టుకొని ఆ హోటల్ గేటు కాడ డ్రైవర్లకు చాయ్ పోస్తుండె. నువ్వు లోపటికి పోయినవ్. రెండు నిమిషాలు కాదు, రెండున్నర గంటలు. చాయ్ తెమ్మని నువ్వే కబురు పంపినవ్. వచ్చి చూస్తే నీ సామాన్లన్ని కింద పరిచి ఉన్నయి, నువ్వు చెమటల తడిసి ముద్దయినవ్. ఆ తెల్లాయన కుర్చీల కూసోని చిన్నపోరని లెక్క ఏడుస్తున్నడు. నా తలల పిన్ను తీసి తెరిచింది ఎవరు?"

మోసెస్ తువ్వాలు కొస నలుపుకున్నాడు.

"ఎవరన్నా?"

"నువ్వే" అన్నాడు మోసెస్.

"ఆయన నా రెండు చేతులు పట్టుకొని ఏదో అన్నడు. నాకు సమజ్ కాలే. గ్లాసులు తీసుకొని వచ్చిన." ఆమె గొంతు కొంచెం మెత్తబడింది. "గంతగనం ఏడిసింది ఓటు కోసమా ఆయన?"

"ఓటుకే. మేనేజర్ చెప్పిండు నాకు. వాళ్ల దేశానికి అది మొదటిసారంట, నేను లేకుండ అయితదా అని ఏడిసిండు. విమానం దొరికింది ఆయనకు. పోయి ఏసే ఉంటడు."

"పద్దెనిమిదేండ్లల నాకు ఒక్కసారి చెప్పలే గదా!"

"చెప్తే తాళం నేను తియ్యలేదని తెలుస్తుండె" అన్నాడు మోసెస్, తల వంచుకుని.

రుద్రమ్మ తిట్టబోయి, తల తిప్పి పైకి చూసింది. స్టేషన్ గడియారంలో నాలుగు ముప్పై ఐదు.

"సరే, కథ అయిపోయింది. లే. ఫారం తియ్."

మోసెస్ లేవలేదు.

"అన్నా, లే."

"చెల్లె... చెవి లోపల ఉన్నది."

"యాడ లోపల?"

"పెట్టెల. ఫారం పెట్టిన, చెవి పక్కకు పెట్టిన, మూత ఏసి తాళం నొక్కిన."

"మరి నీ సామాన్లు?" అన్నాడు మొగిలయ్య.

"అవి సుత లోపలనే. ఇంట్ల ఇంకో చెవి ఉన్నది, అమృత తెస్తున్నది. మూడింటికి బయలెల్లింది. పంజాగుట్ట చౌరస్తా దాటలే ఇంక."

ఈసారి నవ్వు గల్లీ చివర దాకా వినబడింది. చెప్పుల బండి వాడు కూడా లేచి వచ్చి చూశాడు. మోసెస్ రెండు చేతులూ పైకెత్తాడు.

"నవ్వకుండ్రి. నాకు భయమైంది, అందుకే చెప్పుకుంట పోయిన. మీరు లేచిన్రంటే ఎవని బండి కాడికి వాడు పోతడు. ఈమె గిన్నెలు కడుక్కుంట మల్ల వద్దంటది. ఐదైపోతది. ముప్పై ఏండ్ల సంది ఈడ కూసున్న. ఆ గోడ ఎనకకు పోతే నేను గోడకు తాళాలు చెయ్యాల్నా? కోతలు కోసిన, ఒప్పుకుంట. కానీ ఫారం ఇయ్యకుండ ఇయ్యాల్టి దినం పోనియ్య."

రుద్రమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. చెయ్యి తల వెనక్కి పోయింది. జడ పక్క నుంచి నల్లపిన్ను ఒకటి లాగింది.

"జరుగు."

"ఇది ఆ సూట్‌కేసు తాళం కాదు చెల్లె. నేను సొంతంగ చేసుకున్న తాళం. దీన్ని తెరిచేటోడు ఇంక..."

"జరుగు అన్నా. ఇన్నేండ్లు నీ పక్కన నిలబడి చాయ్ పోస్తున్న. నీ చెయ్యి ఎటు తిరుగుతదో చూడలేదనుకున్నవా?"

ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. పిన్ను వంచింది. కొస మీది నున్నటి బొడిపెను పళ్లతో తీసేసింది. ఒకసారి పెట్టింది, రాలేదు. రెండోసారి పెట్టి, తల వంచి తాళానికి చెవి ఆనించి వింది. మొగిలయ్య పొయ్యి మీద బజ్జీలు మాడుతున్నాయి, అతనికి ఆ సంగతే గుర్తులేదు.

టక్.

ఈసారి ఆ మాట ఎవరూ అనలేదు. తాళమే అంది.

ఫారం తీసుకుని ఆమె నిలబడే చదివింది. వేలు పెట్టి ఒక్కో లైను, తొందరపడకుండా, మొదటి నుంచి చివరి దాకా. "ఈడ గల్లీ నుంచి ఇద్దరి సంతకం కావాలె" అంది. మొగిలయ్య నూనె చేత్తోనే పెట్టాడు, పక్కన మోసెస్ పెట్టాడు. కింద ఆమె తన పేరు రాసింది, ఒక్కో అక్షరం విడివిడిగా. పిన్ను మళ్లీ జడలో గుచ్చుకుంది. నాలుగు నలభై మూడు.

"పంజాగుట్ట ఒక్క స్టేషనే. పాలు పొంగకుండ చూడు అన్నా" అని నడిచింది.

"చెల్లె!" మోసెస్ వెనక నుంచి పిలిచాడు. "ఆడ అడిగితే ఏం చెప్తవ్?"

ఆమె నడుస్తూనే వెనక్కి తిరిగింది. "ముప్పై రెండు బండ్ల తరఫున వచ్చిన అని చెప్త."

మోసెస్ కళ్లు తడి అయ్యాయి. అతను దాచుకోలేదు. ఒక నిమిషం మెట్రో మెట్ల వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తువ్వాలుతో కళ్లూ, బట్టతలా కలిపి తుడుచుకుని, అందరి వైపూ తిరిగి, పెట్టె మూత వేసి, దాని మీద ఎప్పటిలా కూర్చోవడానికి తయారయ్యాడు.

"చూసిన్రా? మొత్తం నా ప్లానే. చెవి మర్చిపోతానా నేను? కావాలనే లోపల పెట్టిన. గా స్టోయన్ సాబ్ అప్పుడే చెప్పిండు, మోసెస్ భాయ్, నీ బుర్ర..."

"అన్నా!" సగం మెట్ల మీద నుంచి రుద్రమ్మ కేక వినిపించింది. "పెట్టె మూయకు! చెవి ఇంక లోపలనే ఉన్నది!"

మోసెస్ చేతి కింద తాళం అప్పటికే పడింది. పిన్ను మెట్లెక్కి పంజాగుట్టకు పోతోంది.